ఊళ్లో ఏ పుంజు మిగులుతోంది?

సంక్రాంతి వారం రోజులుందనగా ఊళ్లోకి కోళ్ల బేరగాళ్లు దిగుతారు. వాళ్ల చూపు ముందుగా పడేది వాకిట్లో అన్నిటికంటే ఎత్తుగా, ఛాతీ విరుచుకుని తిరిగే పుంజు మీద. మంచి ధర పలుకుతుంది, పండగ ఖర్చులు ఎదురుగా ఉంటాయి, ఇచ్చేస్తారు. రెండో మంచి పుంజు అల్లుడు వచ్చిన రోజు కూరవుతుంది. కనుమ దాటేసరికి పెరట్లో మిగిలేది ఎవరూ అడగని పుంజు. కాస్త పొట్టిగా ఉంటుంది, నడకలో చురుకుండదు, లేదంటే చిన్నప్పుడెప్పుడో జబ్బు చేసి తేరుకున్నదై ఉంటుంది. మాఘ, ఫాల్గుణాల్లో ఆ ఇంటి పెట్టలు పెట్టే గుడ్లన్నిటికీ తండ్రి అదే.

నాటుకోడి జాతి పల్చబడుతోందని బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకు బ్రాయిలర్ ఫారాలు కారణమంటారు, మేత లేకపోవడం కారణమంటారు, రోగాలంటారు. అవన్నీ నిజమే. కానీ ఏటా ఆ ఇంట్లోనే, ఎవరి బలవంతమూ లేకుండా, మంచిదాన్ని తీసేసి చెడ్డదాన్ని విత్తనానికి ఉంచుకోవడం గురించి ఎవరూ మాట్లాడరు. వరి రైతు గట్టి గింజను అమ్మేసి తాలును విత్తనానికి దాచడు. కోడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం చేస్తున్నది అదే.

సంఖ్యకు కొరత లేదు. 2019 పశుగణనలో దేశంలోని మొత్తం కోళ్లు, బాతులు వగైరా 85 కోట్లకు పైగా ఉంటే, అందులో పెరటి పెంపకంలో ఉన్నవి దాదాపు 31.7 కోట్లు. అంతకు ముందు గణనతో పోలిస్తే పెరటి కోళ్లు దాదాపు 46 శాతం పెరిగాయి. ఈ అంకె చూసి నాటుకోడికి ఢోకా లేదనుకుంటే పొరపాటు. పెరట్లో తిరిగే ప్రతి రంగుల కోడీ నాటుకోడి కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు వేల పల్లెల్లోకి వెళ్లాయి. అవి మంచి కోళ్లే. నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి, తొందరగా బరువెక్కుతాయి. పేదింటికి నాలుగు గుడ్లు ఎక్కువ ఇచ్చే కోడిని తక్కువ చేసి మాట్లాడటం తప్పు. అయితే అవి రెండు వేర్వేరు వంశాలను కలిపి పుట్టించిన సంకర రకాలు. వాటి గుడ్లను ఇంట్లో పొదిగిస్తే పిల్లలు తల్లిలా రావు, ఒక్కోటి ఒక్కోలా వస్తుంది. పైగా ఆ పెట్టలు గుడ్ల మీద కూర్చోవు. మళ్లీ పిల్లలు కావాలంటే మళ్లీ కొనాల్సిందే. నాటుకోడికీ వాటికీ అసలు తేడా ఇక్కడే ఉంది. నాటుకోడి తన పిల్లల్ని తానే పుట్టించుకుంటుంది.

మన దగ్గర నాటుకోళ్లలో పేరున్న జాతి అసీల్. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నమోదులో దీని పుట్టిల్లు ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా. పొడుగు మెడ, నిటారుగా నిలబడే ఒళ్లు, బలమైన కాళ్లు, ఒంటికి అతుక్కున్నట్టుండే గట్టి ఈకలు, నెత్తి మీద పెద్దగా లేవకుండా అణిగి ఉండే చిన్న తురాయి దీని గుర్తులు. ఎదిగిన పుంజు నాలుగైదు కిలోలు, పెట్ట మూడు నాలుగు కిలోలు తూగుతుంది. గోదావరి జిల్లాల్లో దీన్ని రంగుతో పిలుస్తారు: ఎర్రగా ఉంటే డేగ, నల్లగా ఉంటే కాకి, తెల్లగా ఉంటే సేతువ, పసుపు ఈకలుంటే నెమలి. ఇవి రంగుల పేర్లు, జాతుల పేర్లు కావు. ఒకే తల్లి కింద డేగా, కాకీ రెండూ పుట్టొచ్చు. రంగు చూసి జాతి నిర్ణయించేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

మనం నాటుకోడి కాదని బ్రాయిలర్ కొంటాం కదా, ఆ బ్రాయిలర్ ఛాతీలోనూ అసీల్ రక్తం ఉంది. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ప్రాంతంలో 19వ శతాబ్దంలో అసీల్‌ను మలయ్, ఇంగ్లిష్ గేమ్ కోళ్లతో కలిపి ఒక కొత్త జాతిని తయారుచేశారు. దానికి మొదట పెట్టిన పేరు ఇండియన్ గేమ్. తర్వాత కార్నిష్ అయింది. ప్రపంచమంతా తినే బ్రాయిలర్‌కు తండ్రి వైపు వంశం ఆ కార్నిష్ నుంచి వచ్చినదే. అక్కడివాళ్లు తరం తరం ఏ పుంజు ఉంచాలో రాసుకుని, తూచి, ఏరుకుని ఒక పరిశ్రమనే నిలబెట్టారు. పుట్టింట్లో మాత్రం ఆ ఏరుకోవడమే పోయింది.

పందేల సంగతి ఇక్కడ చెప్పకుండా దాటేయలేం. జంతుహింస నిరోధక చట్టం 1960 ప్రకారం కోడిపందేలు నేరం, అది సరైనదే. అసీల్ ఒళ్లు, దమ్ము ఇంతకాలం నిలబడటానికి పందేలే కారణమన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ పందెగాడు చూసేది పుంజు కాలినీ, కోపాన్నే. పెట్ట ఎన్ని గుడ్లు పెట్టింది, ఎన్ని పిల్లల్ని నిలబెట్టిందన్నది అతనికి అక్కర్లేదు. జాతిలో సగం పెట్టది. ఆ సగాన్ని చూడని ఎంపికతో కోడి పోట్లాడుతుందేమో కానీ ఇంటికి పనికిరాదు.

పెట్టలో చూడాల్సిన మొదటి గుణం గుడ్లను పొదగడం. నాటుపెట్ట ఏడాదిలో మూడు నాలుగు విడతలుగా గుడ్లు పెడుతుంది, విడతకు పది నుంచి పదిహేను. తర్వాత గుడ్ల మీద కూర్చుంటుంది. ఇరవై ఒక్క రోజులు పొదిగి, పిల్లల్ని రెండు నెలలు తిప్పుకుంటుంది. అన్ని రోజులూ గుడ్లుండవు. ఎక్కువ గుడ్లు కావాలనుకునేవాళ్లకు ఇది దండగలా కనిపిస్తుంది. వాణిజ్య కోళ్లలో ఈ గుణాన్ని పనిగట్టుకుని తీసేశారు కూడా. కానీ కరెంటు మెషిన్ లేకుండా, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, వేడీ తేమా తనే చూసుకుంటూ రోజుకు ఎన్నోసార్లు గుడ్డును తిప్పే యంత్రం ఇంకెక్కడ దొరుకుతుంది? గద్ద నీడ నేల మీద పడగానే ఒక్క అరుపుతో పిల్లలన్నిటినీ రెక్కల కిందికి లాక్కోవడం పిల్లల్ని వెచ్చగా ఉంచే ఏ బ్రూడరూ చేయలేదు. అందుకే గుడ్ల సంఖ్య ఒక్కటే చూసి పెట్టను ఎంచుకుంటే, తరాలు గడిచేకొద్దీ పొదిగే గుణం పోతుంది. అది పోయాక నాటుకోడి అనే మాటకు అర్థం లేదు.

పొదగేసే ముందు గుడ్లు ఏరుకోవడం కూడా ఎంపికే. మరీ చిన్నవి, పొడుగ్గా సాగినవి, పెంకు గరుకుగా ఉన్నవి వంటింటికి పోవాలి. వారం రోజులకు మించి పాతబడిన గుడ్డు పొదగేయకపోవడం మంచిది. నిల్వకు 15 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్లలో లోపలే 35 దాటుతుంది. ఆ వేడికి పెట్ట కూర్చోకముందే పిండం కొంచెం కదిలి, సరిపడా వేడి అందక లోపలే చచ్చిపోతుంది. ఎండాకాలం గుడ్లు మురుగుతాయని పెద్దవాళ్లు అనేది ఇందుకే. తడి ఇసుక పోసిన పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, అందులో గుడ్లు దాచి, రోజూ ఇసుక తడుపుతూ ఉంటే కొంతవరకు ఆ నష్టం తగ్గుతుంది.

పొదగేసిన ఏడో రాత్రి ఒక పని తప్పకుండా చేయాలి. లైట్లన్నీ ఆర్పేసి, పెట్ట కింద చేయి పెట్టి ఒక్కో గుడ్డునీ మెల్లగా బయటికి తీసి, ఫోన్ టార్చి మీద లావు వైపు ఆనించి, చుట్టూ వేళ్లు మూసి చూడాలి. జీవమున్న గుడ్డు ఎర్రగా వెలుగుతుంది. మధ్యలో నల్లటి చుక్క, దాని చుట్టూ సాలెపురుగు కాళ్లలా పాకిన సన్నని రక్తనాళాలు కనిపిస్తాయి. కాసేపు కదపకుండా పట్టుకుంటే ఆ చుక్క ఊగడం కూడా తెలుస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు గుడ్డు వెనక్కి పెట్టడం మర్చిపోయి అలాగే ఉండిపోతారు. మొత్తం పసుపు దీపంలా ఖాళీగా వెలిగితే ఆ గుడ్డుకు పుంజు సోకలేదని అర్థం. నాళాల బదులు ఒక్క ఎర్రటి గీత ఉంగరంలా చుట్టి ఉంటే, మొదలైన జీవం ఆగిపోయిందని అర్థం. ఈ రెండు రకాల తేడా రాసిపెట్టుకోవాలి. పదిహేనులో ఏడెనిమిది ఖాళీ గుడ్లుంటే తప్పు సాధారణంగా పుంజు వైపు ఉంటుంది. మొదలై ఆగిపోయినవి ఎక్కువుంటే నిల్వ బాగోలేదు, లేదా పెట్ట గుడ్ల మీద సరిగా నిలవలేదు, లేదా ఒకే రక్తంలో జతలు పడుతున్నాయి.

ఈ ఒకే రక్తం సంగతే పెరటి పెంపకంలో అసలు చిక్కు. చాలా ఇళ్లలో పది పెట్టలకు ఒక పుంజు ఉంటుంది. గుడ్లకు ప్రాణం రావడానికి అది చాలు, ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు అన్నది సరైన లెక్కే. కానీ జాతి నిలవడానికి చాలదు. జన్యు శాస్త్రంలో దీనికొక లెక్క ఉంది. పుంజుల సంఖ్యను పెట్టల సంఖ్యతో గుణించి, నాలుగు రెట్లు చేసి, రెండిటి మొత్తంతో భాగించాలి. ఒక పుంజు, పది పెట్టలైతే వచ్చేది 3.6. అంటే పదకొండు కోళ్లు కళ్ల ముందు తిరుగుతున్నా, రక్తం లెక్కలో అవి నాలుగు కోళ్లు కూడా కావు. పెట్టల్ని వందకు పెంచినా ఈ అంకె నాలుగుకు చేరదు. మూడు పుంజులు, పదిహేను పెట్టలు పెట్టుకుంటే ఒక్కసారిగా 10కి ఎక్కుతుంది. మొదటి లెక్కన ఒక్కో తరానికి రక్తం దగ్గరపడే వేగం దాదాపు 14 శాతం, రెండో లెక్కన 5 శాతం. పెట్టల్ని పెంచడం మీద పెట్టే శ్రద్ధలో నాలుగో వంతు పుంజుల మీద పెడితే వచ్చే ఫలితం ఇంత.

రక్తం దగ్గరపడితే ఏమవుతుందో పెంచేవాళ్లకు కళ్లకు కనపడుతుంది, కారణం మాత్రం తట్టదు. మొదట గుడ్లు తక్కువగా పగులుతాయి. పూర్తిగా ఎదిగిన పిల్ల పెంకు పగలగొట్టుకోలేక లోపలే చచ్చిపోతుంది. పుట్టిన పిల్లలు నెమ్మదిగా ఎదుగుతాయి, చిన్న జబ్బుకే పడిపోతాయి. ఇల్లు అచ్చిరాలేదనో, దిష్టి తగిలిందనో అనుకుంటారు. తండ్రికే కూతుళ్లు, వాటి కూతుళ్లు జతపడుతూ నాలుగేళ్లు గడిచాయన్నది ఎవరికీ గుర్తుండదు.

దీనికి మందు ఖరీదైనది కాదు. మూడు ఇళ్లు కలిస్తే చాలు. తూర్పు వీధి ఇల్లు, నడివీధి ఇల్లు, చెరువుగట్టు ఇల్లు అనుకుందాం. ప్రతి ఇంట్లో పుట్టిన పెట్టలు ఆ ఇంట్లోనే ఉంటాయి. పుంజులు మాత్రం ఏటా ఒకే దిశలో కదులుతాయి: తూర్పు వీధిలో పుట్టినది నడివీధికి, అక్కడ పుట్టినది చెరువుగట్టుకు, అక్కడిది తూర్పు వీధికి. ఏ ఇంట్లోనూ అన్నాచెల్లెళ్ల జత గానీ తండ్రీకూతుళ్ల జత గానీ పడదు. దిశ మాత్రం ఎప్పుడూ మారకూడదు. ప్రపంచంలో చిన్న మందలను కాపాడేవాళ్లు వాడే పద్ధతి ఇదే, కాకపోతే వాళ్లు కాగితం మీద గీసుకుంటారు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో కోడిపెట్టను వాటాకి ఇచ్చే అలవాటు ఉంది. ఒకరి పెట్టను ఇంకొకరు పెంచి పిల్లల్లో వాటా తీసుకుంటారు. ఊళ్లో కోళ్లు ఇల్లు మారుతూ ఉండటానికి ఇదొక దారి. రక్తం కలవడానికీ అది తోడ్పడింది. డబ్బుకు కొనడం, అమ్మడం మాత్రమే మిగిలిన చోట ఆ కదలిక ఆగిపోయింది.

పుంజును మార్చేటప్పుడు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పెట్ట కడుపులో పుంజు వీర్యం రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాల దాకా సజీవంగా నిలవ ఉంటుంది. కొత్త పుంజు వచ్చిన నాలుగో రోజు పెట్టిన గుడ్డు పాత పుంజుదే కావొచ్చు. మూడు వారాలు దాటాక పెట్టిన గుడ్లనే కొత్త పుంజు పేరుమీద పొదగేయాలి. ఇది తెలియక, ఫలానా పుంజు పిల్లలని నమ్మి పెంచి, పెద్దయ్యాక పోలిక రాలేదని నిరాశపడినవాళ్లు ఎందరో.

ఇక ఏ పుంజును ఉంచాలి? బరువు చూసి, అందం చూసి ఉంచితే సగం పనే అయినట్టు. దాని తల్లిని చూడాలి. రెండు పెట్టల్ని పన్నెండేసి గుడ్ల మీద కూర్చోబెట్టారనుకుందాం. మొదటిదానికి పదకొండు పిల్లలు లేచాయి, రెండు నెలలకు నాలుగు మిగిలాయి. రెండోదానికి తొమ్మిదే లేచాయి, ఎనిమిది మిగిలాయి. పిల్లలు లేచిన రోజు ఊరంతా మొదటి పెట్టనే మెచ్చుకుంటుంది. విత్తనానికి కావాల్సింది రెండోదాని కొడుకు. పిల్లికి, కాకికి, ముంగిసకు చిక్కకుండా పిల్లల్ని తిప్పే తెలివి, జబ్బుకు తట్టుకునే ఒళ్లు అందులో ఉన్నాయి. పెరటి కోడికి వీటికి మించిన గుణం లేదు.

అయితే ఏ పిల్ల ఏ తల్లిదో రెండు నెలల తర్వాత గుర్తుండదు. పిల్లలు తల్లి నుంచి విడిపోకముందే కాలికి రంగు ప్లాస్టిక్ రింగు వేయాలి, ఒక్కో పెట్టకు ఒక్కో రంగు. దారం కడితే మాత్రం తరచూ చూసి వదులు చేయాలి. కాలు లావెక్కేకొద్దీ దారం చర్మంలోకి కోసుకుపోయి కాలు కుళ్లిన కోళ్లను చూస్తే, మంచి ఉద్దేశంతో చేసిన పని ఎంత హింస అవుతుందో తెలుస్తుంది. ఒక పాత నోట్‌బుక్‌లో పేజీకి ఒక పెట్ట చొప్పున నాలుగు అంకెలు చాలు: పొదగేసిన గుడ్లు, ఏడో రోజు బతికున్నవి, లేచిన పిల్లలు, రెండు నెలలకు మిగిలినవి.

ఇంత ఏరుకున్న మందను కొక్కెర తెగులు (రాణిఖేత్) ఒక్క వారంలో ఊడ్చేయగలదు. మెడ వంకర తిరగడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, పచ్చటి రెట్ట దీని గుర్తులు. నాటుకోడికి రోగాలు రావన్న మాట ఇక్కడ పనిచేయదు. తెగులు వచ్చి మిగిలిన కోడిని జాతి గట్టిదని విత్తనానికి ఉంచుకోవచ్చు, కానీ తెగులు వచ్చి ఏరిపెడుతుందని టీకా మానేయడం తెలివితక్కువ. వారం లోపు పిల్లలకు లాసోటా టీకా చుక్క కంట్లో, ఎనిమిది వారాలకు ఆర్‌టూబీ టీకా సూది వేయించాలి. టీకా చవకే. చిక్కంతా సీసాలో ఉంది. సీసా సాధారణంగా వంద మోతాదులు, అంతకంటే ఎక్కువే. ఒకసారి కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి, అప్పటిదాకా ఐసులో ఉండాలి. పన్నెండు కోళ్లున్న ఇల్లు ఒంటరిగా ఆ పని చేయలేక ఊరుకుంటుంది. వీధి మొత్తం ఒకే రోజు, తెల్లవారుజామున కోళ్లు గూళ్లలో ఉండగానే వేయించుకుంటే సీసా వృథా కాదు. పుంజులు మార్చుకునే ఆ మూడు ఇళ్లే దీనికీ ముందు నిలబడొచ్చు. సంతలో కొన్న కోడిని మాత్రం మూడు వారాలు వేరే గంప కింద ఉంచకుండా మందలో కలపకూడదు.

మేత సంగతి మారింది. వరి కోతకు మిషన్లు వచ్చాక కళ్లాలు పోయాయి, వాటితో పాటు నెలల తరబడి కోళ్లు ఏరుకు తినే గింజలూ పోయాయి. వాకిళ్లు సిమెంటు అయ్యాక పురుగూ దొరకడం లేదు. పెరడు ఎంత మేపగలదో అన్ని కోళ్లే ఉంచాలి, అంతకు మించితే నూకలూ తవుడూ కొని మేపాల్సిందే. పిల్లలకు మొదటి నెలలో మాంసకృత్తులు కావాలి కాబట్టి, పాత కుండలో పేడ, తడి గడ్డి, చిరిగిన గోనెసంచి ముక్క కుక్కి చెదలున్న చోట సాయంత్రం బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండా చెదపురుగులుంటాయి. ఆ కుండ దులిపిన చోటికి పిల్లలు పరుగెత్తే వేగం చూస్తే వాటికి ఏం తక్కువైందో తెలుస్తుంది.

ఒక ఊరి మంద ఎంత బాగున్నా ఆ ఒక్క ఊళ్లోనే ఉండటం ప్రమాదం. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలింది. ఇలా తేలినప్పుడు నిబంధన ప్రకారం ఆ చోటు చుట్టూ కిలోమీటరు పరిధిలోని కోళ్లన్నిటినీ తీసేస్తారు. ఫారం కోడి, పెరటి కోడి అన్న తేడా ఉండదు. ఫారానికి మళ్లీ పిల్లలు వస్తాయి. ఇరవై ఏళ్లుగా ఒక ఇంట్లో ఏరుకుంటూ వచ్చిన వరస మాత్రం మళ్లీ రాదు. అందుకే మంచి పెట్ట పిల్లల్లో ఒక జతను కొన్ని మైళ్ల అవతల ఉన్న చుట్టాలింటికో, ఆడపిల్ల అత్తారింటికో ఇచ్చి ఉంచాలి. ఎప్పుడైనా అడిగి తెచ్చుకోవచ్చు.

ఇవన్నీ చేయడానికి సరైన కాలం కార్తీకం. చాలా ఇళ్లలో నెలంతా కోడి కోయరు, అప్పటికి వేసవి చివర్లో పుట్టిన పిల్లలు ఎదిగి పుంజేదో పెట్టేదో, గట్టిదేదో తెలిసిపోతుంది. నోట్‌బుక్ తీసి, తల్లుల అంకెలు చూసి, రెండు పుంజులను ఎంచి, వాటి కాలికి ఎర్ర రింగు వేయాలి. రెండెందుకంటే ఒకటి కుక్క బారిన పడినా ఇంకొకటి ఉంటుంది. బేరగాడు వచ్చి రెట్టింపు ఇస్తానన్నా ఎర్ర రింగు పుంజు అమ్మకానికి లేదని ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలిసి ఉండాలి. అల్లుడికి మూడో పుంజు కోసి పెట్టినా ఆయన తేడా కనిపెట్టలేడు.